చెయ్యి లేవకముందే మెదడు పని మొదలుపెడుతుంది



మన ఫిజియోథెరపీ గదిలో తరచుగా కనిపించే దృశ్యం ఒకటుంది. పక్షవాతం వచ్చి మూడు నాలుగు వారాలైన పెద్దాయన కుర్చీలో కూర్చుని ఉంటాడు. ఎదురుగా బల్ల మీద స్టీలు గ్లాసు. "తాతా, ఆ గ్లాసు పట్టుకో" అని మేము చెబుతాము. ఆయన గ్లాసు వైపు చూస్తాడు. చెయ్యి కదలదు. ఒక క్షణం గడుస్తుంది, రెండు క్షణాలు గడుస్తాయి. పక్కనే నిలబడిన కోడలు ఇక ఆగలేక ఆయన చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి గ్లాసు మీద పెట్టేస్తుంది. "ఎంత జెప్పినా లేపుతలేడు సార్, మామకు మనసే లేదు" అంటూ కళ్లు తుడుచుకుంటుంది.

ఆ కోడలు ప్రేమతోనే అలా చేసింది. అందులో సందేహం లేదు. కాని ఆ రెండు క్షణాలలో ఆయన తలలో ఎంత పని జరుగుతున్నదో తెలిస్తే ఆమె ఇంకొక మూడు క్షణాలు ఓపిక పట్టి ఉండేది. ఆ మూడు క్షణాల కోసమే ఈ వ్యాసం.

మగ్గం ఆడకముందు పడుగు

మన సిద్దిపేట గొల్లభామ చీరెలు నేసే ఇంటికి ఎప్పుడైనా వెళ్లారా? నాడె అటునుంచి ఇటు కన్ను మూసి తెరిచేలోగా పోతుంది. చూసేవారికి నేత అంటే అదే. కాని దానికి ముందు నూలుకు రంగు అద్దాలి, కండెలు చుట్టాలి, పడుగు సాగదీయాలి, ఒక్కొక్క పోగును అచ్చులోనుండి తీయాలి. అవన్నీ అయితేనే నాడె కదులుతుంది. పడుగు సరిగా లేకపోతే ఎంత నేర్పరి అయినా నేయలేడు.

చెయ్యి కదలడం కూడ ఇలాంటిదే. మనకు కనిపించేది నాడె మాత్రమే. గ్లాసు అందుకోవాలని అనుకోగానే మెదడు ముందుభాగంలో సంకల్పం రూపుదిద్దుకుంటుంది. గ్లాసు ఎక్కడ ఉంది, ఎంత దూరంలో ఉంది అన్న లెక్కను నడినెత్తి కిందనున్న భాగం చూసుకుంటుంది. ఏ కండరం ముందు, ఏది తరువాత అన్న వరుసను కదలికల కేంద్రానికి ముందున్న భాగాలు తయారు చేస్తాయి. మెదడు లోతుల్లో ఉన్న కొన్ని నాడీకణాల ముద్దలు "ఇక మొదలుపెట్టు" అనో, "ఇంకా ఆగు" అనో తలుపు తీస్తూ వేస్తూ ఉంటాయి. తల వెనుక భాగంలోని చిన్న మెదడు వేళను సరిచూస్తుంది. ఇవన్నీ కుదిరిన తరువాతే కదలికల కేంద్రం నుండి ఆజ్ఞ బయలుదేరుతుంది. ఆ ఆజ్ఞ వెన్నుపాము మీదుగా అరచేతి కండరాలను చేరడానికి పట్టేది సెకనులో యాభయ్యో వంతు. ప్రయాణానికి పట్టే సమయం కొంచెమే. సిద్ధపడటానికే ఎక్కువ పడుతుంది.

టేపును వెనక్కు తిప్పిన ఇద్దరు వైద్యులు

ఈ సిద్ధపాటును మొట్టమొదట కొలిచి చూపినవారు జర్మనీ దేశంలోని ఫ్రైబుర్గ్ నగరానికి చెందిన హన్స్ కార్న్‌హూబర్, ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న యువకుడు లూడర్ డీకే. అది 1964వ సంవత్సరం. అప్పటివరకు శాస్త్రవేత్తలు ఎక్కువగా మనిషికి వెలుతురు చూపించి, చప్పుడు వినిపించి, ఆ తరువాత మెదడులో ఏం జరుగుతుందో చూసేవారు. మనిషి తనంతట తాను ఒక పని చేసేటప్పుడు, ఆ పనికి ముందు మెదడు ఏం చేస్తుంది అన్నది వీరి ప్రశ్న.

వారు ఎంచుకున్న పద్ధతి చాలా సులువైనది. తలమీద తీగలు అమర్చిన మనిషిని కూర్చోబెట్టి, "మీకు ఇష్టమైనప్పుడు వేలు కదపండి" అన్నారు. మెదడులోని విద్యుత్తును అయస్కాంత టేపు మీద రికార్డు చేశారు. తరువాత ఆ టేపును వెనక్కు తిప్పి, వేలు కదిలిన క్షణం నుండి వెనుకకు లెక్కపెట్టుకుంటూ వెళ్లారు. వందలాది కదలికలను ఒకదానిమీద ఒకటి పేర్చి సగటు తీస్తే అసలు విషయం బయటపడింది. వేలు కదలడానికి సుమారు ఒక సెకను ముందు నుండే, కొన్నిసార్లు ఇంకా ముందునుండే, మెదడు పైభాగంలో విద్యుత్తు మెల్లమెల్లగా పెరుగుతూ వస్తున్నది. దాని పరిమాణం ఒక వోల్టులో సుమారు లక్షో వంతు. అంత సన్నని జాడ అది. దానికి వారు పెట్టిన జర్మన్ పేరుకు అర్థం "సంసిద్ధతా విద్యుత్తు". 1965లో పూర్తి వివరాలు ప్రచురించారు. నేటికీ ప్రపంచమంతటా వైద్యులు ఆ పేరునే వాడుతున్నారు.

1983లో అమెరికాలో బెంజమిన్ లిబెట్ ఇంకొక అడుగు వేశారు. "కదపాలని మీకు ఎప్పుడు అనిపించింది?" అని గడియారం చూపి అడిగారు. కదలికకు సుమారు 0.2 సెకను ముందు అనిపించిందని జవాబు వచ్చింది. మెదడులో విద్యుత్తు అంతకంటె ముందే, 0.5 సెకను దాటి ముందే, మొదలైంది. దీనిని చూసి "అయితే మన ఇష్టం అనేదే లేదా?" అని చాలామంది కలవరపడ్డారు. ఆ పెరుగుదలకు నిర్ణయం అని అర్థం చెప్పనక్కరలేదని, మెదడులో ఎప్పుడూ ఉండే ఎగుడుదిగుడులు ఒక హద్దు దాటినప్పుడు కదలిక పుడుతుందని 2012లో ఫ్రాన్స్‌లోని పరిశోధకులు వాదించారు. ఈ చర్చ ఇంకా సాగుతూనే ఉంది.

ఈ చర్చలో మనకు పనికివచ్చే మాట ఒకటి ఉంది. మెదడు సిద్ధపడటం మొదలైన తరువాత కూడ కదలికను ఆపవచ్చు. కదలికకు సుమారు 0.2 సెకను ముందు వరకు ఆపడం సాధ్యమేనని 2016లో బెర్లిన్ పరిశోధకులు చూపించారు. కోపంతో పిల్లవాని మీదికి లేవబోయే చేతికి కూడ అంత వ్యవధి ఉన్నదన్నమాట. అలవాటు చేసుకుంటే అది చాలు.

మీ ఇంట్లోనే చేసి చూడండి

ఇవి ప్రయోగశాలలో మాత్రమే తెలిసే విషయాలు కావు. పిల్లలతో కలిసి ఈ మూడు పనులు చేసి చూడండి.

మొదటిది, స్కేలు పరీక్ష. 30 సెంటీమీటర్ల స్కేలును మీరు పైన పట్టుకోండి. కింద సున్నా దగ్గర మీ అబ్బాయి బొటనవేలు, చూపుడువేలు తెరిచి ఉంచాలి. చెప్పకుండా వదలండి. అతడు 20 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుంటే అతనికి 0.2 సెకను పట్టినట్లు. 15 దగ్గర పట్టుకుంటే 0.17 సెకను. ఎంత చురుకైనవారైనా సున్నా దగ్గర పట్టుకోలేరు. ఎందుకంటే కన్ను చూడటానికి, మెదడు తేల్చుకోవడానికి, చేతికి ఆజ్ఞ చేరడానికి ఆ కాస్త సమయం తప్పదు.

రెండవది, పుస్తకం పరీక్ష. కళ్లు మూసుకుని ఎడమ అరచేతిలో బరువైన పుస్తకం పెట్టుకోండి. మీ కుడిచేతితో మీరే దానిని తీసేయండి. ఎడమ చెయ్యి నిలకడగానే ఉంటుంది. ఈసారి అదే పుస్తకాన్ని ఇంకొకరిని చప్పున తీయమనండి. మీ చెయ్యి పైకి ఎగురుతుంది. మీ కుడిచెయ్యి ఏ క్షణంలో ఎత్తబోతున్నదో మెదడుకు ముందే తెలుసు కాబట్టి సరిగ్గా ఆ క్షణానికి ఎడమచేతి కండరాలను వదులు చేస్తుంది. ఇతరుల చెయ్యి ఎప్పుడు లేస్తుందో దానికి తెలియదు.

మూడవది, నిలబడి ఒక చేతిని చప్పున ముందుకు ఎత్తండి. ముందు ఏ కండరం పనిచేసిందనుకుంటున్నారు? భుజం అనుకుంటాము. కాని 1967లో మాస్కో పరిశోధకులు చూపించినదేమంటే, భుజం కంటె సెకనులో సుమారు ఇరవయ్యో వంతు ముందే కాళ్ల కండరాలు బిగుసుకుంటాయి. చెయ్యి ముందుకు వస్తే ఒళ్లు ముందుకు తూలుతుందని మెదడు ముందే లెక్క కట్టి కాళ్లను సిద్ధం చేస్తుంది. పక్షవాతం వచ్చినవారు చెయ్యి ఎత్తబోయి తూలిపడటానికి ఒక కారణం ఈ ముందు లెక్క దెబ్బతినడమే. అందుకే మేము మొదట కూర్చోవడం, నడుము నిలపడం నేర్పించి తరువాత చేతికి వస్తాము. "చెయ్యికి రోగమైతే నడుముకు కసరత్తు ఎందుకు?" అని అడిగేవారికి ఇదే మా జవాబు.

వేళ తప్పితే

క్రికెట్ చూసేవారికి ఒక లెక్క. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వేసిన బంతి బ్యాట్స్‌మన్‌ను చేరడానికి అర సెకను కూడ పట్టదు. అందులో 0.2 సెకను చూసి స్పందించడానికే పోతుంది. మరి 2001లో కలకత్తాలో ఆస్ట్రేలియా మీద 281 పరుగులు చేసిన మన హైదరాబాదీ లక్ష్మణ్ మణికట్టు తిప్పి బంతిని అంత తీరికగా ఎలా పంపగలిగారు? బంతి చేతినుండి వదలకముందే బౌలర్ అడుగు, భుజం, మణికట్టు చూసి మెదడు సగం సిద్ధమై ఉంటుంది. వేలసార్లు సాధన చేస్తే మెదడుకు వచ్చేది ఇదే. ఆదివారం ఆరాధనలో ఢోలక్ వాయించే మన యువకులూ అంతే. పాట దరువు విని తరువాత కొట్టరు. దరువు ఎప్పుడు పడుతుందో ముందే తెలిసి, సరిగ్గా ఆ వేళకు అరచెయ్యి చర్మాన్ని తాకేలా కాస్త ముందే చెయ్యి బయలుదేరదీస్తారు.

ఈ వేళలను చూసుకునేది ముఖ్యంగా చిన్న మెదడు. అది దెబ్బతిన్నవారికి చేతిలో బలం ఉంటుంది, కాని గ్లాసును అందుకోబోతే చెయ్యి దాటిపోతుంది, దగ్గరకు వచ్చేకొద్దీ వణుకుతుంది. ముక్కు తాకమంటే చెంప తాకుతారు. అతిగా సారా తాగేవారిలో కూడ చిన్న మెదడు దెబ్బతింటుందని మరువవద్దు.

పార్కిన్సన్ వ్యాధిలో వచ్చే చిక్కు వేరు. లోతుల్లోని నాడీకణాలకు డోపమైన్ అనే రసాయనం తగ్గిపోతుంది. "ఇక మొదలుపెట్టు" అనే తలుపు తెరుచుకోదు. చొక్కా గుండీ పెట్టుకోవాలనుకున్న మనిషి చాలాసేపు అలాగే ఉండిపోతాడు. చూసేవారు బద్ధకం అనుకుంటారు. కాని పక్కనుండి ఎవరైనా "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెడితే లేక చప్పట్లతో తాళం వేస్తే చాలామందిలో కదలిక సులువవుతుంది. లోపలి గంట మోగనప్పుడు బయటి గంట సాయపడుతుందన్నమాట. మన చేల గట్ల మీద పెరిగే దూలగొండి గింజలలో డోపమైన్‌గా మారే పదార్థం ఉన్నమాట నిజమే. అయితే ఎంత మోతాదో తెలియకుండా వాటిని దంచి తినడం ప్రమాదం. మందులు డాక్టరు చెప్పినట్లే వాడాలి.

తీగ తెగిందా, ఆజ్ఞే బయలుదేరలేదా?

చెయ్యి పడిపోవడానికి కారణం అన్నిసార్లూ మెదడే కాదు. కుష్ఠు వ్యాధిలో మెదడు సరిగ్గానే సిద్ధపడుతుంది, ఆజ్ఞ కూడ పంపుతుంది. మోచేతి దగ్గర నరం దెబ్బతినడం వల్ల ఆజ్ఞ చివరకు చేరదు. వేళ్లు వంకర తిరుగుతాయి. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ దంపతులు 1915లో ప్రారంభించిన కుష్ఠు ఆసుపత్రి గురించి మన పెద్దలకు తెలుసు. ఆ కాలంలో వంకర తిరిగిన వేళ్లకు మార్గం లేదనుకునేవారు. 1940ల చివరలో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో డాక్టర్ పాల్ బ్రాండ్ బాగున్న కండరం స్నాయువును దారి మళ్లించి, పనిచేయని వేళ్లకు కలిపే శస్త్రచికిత్సలు మొదలుపెట్టారు. ఇక్కడ మెదడుకు ఒక కొత్త పాఠం వచ్చి పడుతుంది. నిన్నటివరకు ఒక పని చేసిన కండరం నేడు ఇంకొక పని చేయాలి. శస్త్రచికిత్స గంటల్లో ముగుస్తుంది. మెదడు పాఠం నేర్చుకోవడానికి వారాలు పడుతుంది. ఫిజియోథెరపీ లేకుండా ఆ శస్త్రచికిత్స ఫలించదు. పెద్దవారి మెదడు కూడ నేర్చుకోగలదు అనడానికి ఇంతకంటె మంచి సాక్ష్యం ఏం కావాలి?

పక్షవాతంలో దెబ్బ తగిలేది ఆజ్ఞ పుట్టే చోట లేక అది బయలుదేరే దారిలో. నరాల దారులు మెదడు అడుగున ఒకదానినొకటి దాటి పోతాయి కాబట్టి మెదడు ఎడమవైపు దెబ్బతింటే కుడిచెయ్యి పడిపోతుంది. మిగిలి ఉన్న కణాలు కొత్త దారులు వెతుక్కుంటూ ఆజ్ఞను తయారు చేయాలి. అందువల్ల ఆ చెయ్యి మొదలుకావడానికి మామూలు కంటె ఎక్కువ సమయం పడుతుంది. బయటికి ఏమీ జరగనట్లు కనిపించినా లోపల పడుగు సాగుతూ ఉంటుంది. సరిగ్గా అప్పుడే మనం చెయ్యి పట్టుకుని లేపేస్తే ఏమవుతుంది? పని అయిపోయింది కాబట్టి మెదడు తన ప్రయత్నాన్ని సగంలో వదిలేస్తుంది. రోజుకు పదిసార్లు ఇలా జరిగితే ఆ చేతిని వాడటమే మానేస్తుంది.

అందుకని కుటుంబ సభ్యులకు మా విన్నపం ఇది. చెప్పిన తరువాత మనసులో ఐదు లెక్కపెట్టండి. ఆ ఐదు లోపల మాట్లాడవద్దు, తాకవద్దు. ఐదు అయిన తరువాత, మొదలుకాకపోతే, మోచేతి కింద చెయ్యి ఆనించి కొంచెమే సాయం చేయండి. మిగతాది ఆయననే చేయనివ్వండి.

మరికొన్ని పద్ధతులు కూడ ఉన్నాయి. మణికట్టు, వేళ్లు కొంచెమైనా కదిలేవారికి బాగున్న చేతికి తొడుగు వేసి, బలహీనమైన చేతితోనే పనులు చేయిస్తారు. అమెరికాలో 222 మందిని తీసుకుని, వారిలో కొందరిచేత రెండు వారాలపాటు ఇలా చేయించి చూసిన ఫలితాలు 2006లో వెలువడ్డాయి. వారందరూ పక్షవాతం వచ్చి 3 నుండి 9 నెలలైనవారు. ఇలా చేసినవారి చేతికి కలిగిన మేలు ఏడాది తరువాత కూడ నిలిచింది. అద్దం పద్ధతి ఇంకొకటి. మద్రాసులో వైద్యవిద్య చదివిన డాక్టర్ వి.ఎస్. రామచంద్రన్ 1990లలో, చెయ్యి తీసేసినవారి బాధ కోసం దీనిని కనిపెట్టారు. బాగున్న చేతిని అద్దం ముందు కదుపుతూ అద్దంలోకి చూస్తే పడిపోయిన చెయ్యే కదిలినట్లు మెదడుకు కనిపిస్తుంది. తరువాత దీనిని పక్షవాత రోగులకూ వాడి మేలు ఉందని గమనించారు. ఇంట్లో గోడ అద్దం ఒకటి ఉంటే చాలు. మొదటిసారి మాత్రం ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకోండి.

వేళ దాటనివ్వవద్దు

చెయ్యి ఎంతవరకు కోలుకుంటుంది అన్నది మొదటి గంటలలో మనం చేసే పని మీద చాలా ఆధారపడి ఉంటుంది. అనుమానం వచ్చిన వెంటనే ఇలా చూడండి.

ముఖం: నవ్వమనండి. మూతి ఒక పక్కకు పోతున్నదా?

చెయ్యి: రెండు చేతులూ ముందుకు చాచి, అరచేతులు పైకి ఉంచి, కళ్లు మూసుకోమనండి. పది లెక్కపెట్టేలోగా ఒక చెయ్యి జారుతున్నదా, అరచెయ్యి లోపలికి తిరుగుతున్నదా?

మాట: ఒక చిన్న మాట చెప్పించండి. నాలుక మడతపడుతున్నదా?

ఈ మూడింటిలో ఏ ఒక్కటి కనిపించినా సమయం చూసుకుని వెంటనే 108కి ఫోన్ చేయండి. తల స్కానింగ్ ఉన్న ఆసుపత్రికే నేరుగా వెళ్లండి. రక్తపు గడ్డ వల్ల వచ్చిన పక్షవాతమైతే దానిని కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపలే ఇవ్వాలి. ఎంత ముందు ఇస్తే అంత మేలు. పెద్ద రక్తనాళం మూసుకుపోయి చికిత్స అందనప్పుడు ప్రతి నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు పోతాయని 2006లో లెక్క కట్టారు. రాజీవ్ రహదారి మన పక్కనే ఉన్నా ఆలస్యం ఎక్కువగా జరిగేది ఇంట్లోనే. "గాలి సోకింది, పొద్దున చూద్దాం" అని పడుకోబెట్టడం, పావురం రక్తం రాయించడం, ఫలానా ఊరిలో మందు పోస్తారని తీసుకుపోవడం, ఇవన్నీ ఆ నాలుగున్నర గంటలను తినేస్తాయి.

నోట్లో నీళ్లు, మాత్రలు వేయకండి. మింగుడు పడక ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. స్కానింగ్ కాకముందు ఆస్పిరిన్ కూడ వద్దు. రక్తస్రావం వల్ల వచ్చిన పక్షవాతమైతే అది హాని చేస్తుంది. తరువాతి రోజుల్లో పడిపోయిన చేతిని పట్టి లాగి లేపవద్దు. భుజం కీలు జారుతుంది. బి.పి., షుగర్ మాత్రలు మానవద్దు. పక్షవాతానికి అన్నిటికంటె పెద్ద కారణం అదుపులో లేని బి.పి.

ఆ ఐదు లెక్క

మొదట చెప్పిన దృశ్యానికి తిరిగి వద్దాము. ఇలాంటి కోడళ్లకు, భార్యలకు, కొడుకులకు మేము ఇప్పుడు ముందుగా నేర్పించేది ఏ కసరత్తూ కాదు, ఆగడం. మొదట్లో వారికి అది కష్టంగా ఉంటుంది. తనవాళ్లు తంటాలు పడుతుంటే చేతులు కట్టుకుని చూడటం ఎవరికి మాత్రం సులువు?

కాని ఏదో ఒక రోజు, "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అని మనసులో లెక్కపెడుతుండగా, చూపుడువేలు ఒక గింజ ఎత్తు లేస్తుంది. గ్లాసు దాకా పోదు. అయినా అది ఎవరో లేపిన వేలు కాదు. ఆయన మెదడే సిద్ధపడి, వేళ చూసుకుని, పంపిన ఆజ్ఞ అది. మరుసటి రోజు రెండు వేళ్లు లేవవచ్చు, లేవకపోవచ్చు. అందరి చేతులూ మునుపటిలా అవుతాయని మేము చెప్పలేము. ప్రయత్నానికి చోటు ఇచ్చిన చేతికి మాత్రం అవకాశం మిగిలి ఉంటుంది.

కాబట్టి ఈసారి మీ ఇంటి పెద్దాయన గ్లాసు వైపు చూసి కదలకుండా ఉండిపోతే, "మనసు లేదు" అనకండి. మనసు పెట్టే ఉన్నాడు. ఐదు లెక్కపెట్టండి.